ఇన్‌ఫ్లేటర్ చక్ అరిగిపోయి గాలి బుస్సుమని పోతోంది, మొత్తం పైపు మార్చాలా లేక చక్ ఒక్కటే మార్చొచ్చా?

రోడ్డెక్కినోడు:
అందరికీ నమస్తే. నా దగ్గర కార్లో పెట్టుకునే 12 వోల్టుల చిన్న గాలి కంప్రెసర్ ఉంది, సిగరెట్ సాకెట్‌కి తగిలించి వాడేది, మోటార్ ఇప్పటికీ గట్టిగానే ఉంది కానీ పైపు చివర్న టైరు వాల్వుకి తగిలించే ముక్క ఉంది చూడండి, చక్ అంటారు, లివర్ పైకెత్తి లాక్ చేసేది, అదే సరిగ్గా పట్టుకోవట్లేదు. లాక్ చేశాక కూడా బుస్సుమని గాలి పోతూనే ఉంటుంది, చేత్తో ఒకపక్కకి నొక్కిపట్టుకుంటే కాస్త తగ్గుతుంది, వదిలేస్తే మళ్ళీ మొదలు. కొన్నిసార్లు దానంతటదే ఊడొచ్చేస్తోంది. పైపుకీ చక్‌కీ మధ్య నొక్కేసిన ఇత్తడి గొట్టం లాంటిది ఉంది, విప్పడానికి మరలేమీ కనపడట్లేదు. చక్ ఒక్కటే దొరికితే మార్చుకోవచ్చా, ఏ చక్ అయినా పడుతుందా, లేక పైపుతో సహా మార్చాలా? మంచి మిషన్ని ఇంత చిన్న ముక్క కోసం పారేయబుద్ధి కావట్లేదు.

నట్టుబోల్టు:
పారేయొద్దు, చాలావరకు ఇది బాగయ్యేదే. కానీ ఏదీ కొనకముందు అసలు గాలి ఎక్కడ పోతోందో తేల్చుకో తమ్ముడూ. చక్ తగిలించి మిషన్ ఆన్ చేసి గేజి ముల్లు ఏం చేస్తుందో చూడు.

తగిలించగానే ముల్లు టైరులో ఉన్నంత చూపించకుండా కిందే ఉండి, మూతి దగ్గర బుస్సుమంటుంటే చక్‌లో రబ్బరు పోయినట్టు. అలా కాకుండా ఆన్ చేయగానే ముల్లు ఒక్కసారిగా పైపైకి ఎగిరిపోయి మోటార్ గొంతు మారి మూలుగుతుంటే, గాలి లోపలికి పోవట్లేదని అర్థం, అంటే చక్ మధ్యలో ఉండే పిన్ను అరిగో విరిగో వాల్వుని తెరవట్లేదు. ఇక ముల్లు టైరులో ఉన్నంత కరెక్టుగా చూపించి, మోటార్ ఎంతసేపు తిరిగినా అక్కడే నిలబడిపోయి ఎక్కడా శబ్దం లేదంటే చక్ తప్పేం కాదు, లోపల పిస్టన్ రింగో హెడ్‌లో రేకు వాల్వో పోయి ఉంటుంది. ఈ మూడోదాంట్లో చక్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు, అందుకే ముందు ఇది చూడమంటున్నా.

తర్వాత సబ్బు నీళ్ళు. నురగ బాగా వచ్చేలా కలిపి చక్ మూతి దగ్గర, లివర్ ఇరుసు దగ్గర, నువ్వు చెప్పిన నొక్కుడు గొట్టం రెండు అంచుల దగ్గర, పైపు పొడవునా రాయి. బుడగలు ఎక్కడొస్తే అక్కడే జబ్బు.

సవారీ_సైకిల్:
+1. ఇంకొకటి, చక్ తీసేశాక టైరు వాల్వు మూతి మీద కూడా ఒక చుక్క సబ్బు నీళ్ళు వేసి చూడండి. వాల్వు లోపల కోర్ (గాలిని ఆపే చిన్న ముక్క) వదులైనా, దాని రబ్బరు పోయినా అక్కడా బుడగలొస్తాయి, అప్పుడు చక్‌ని తిట్టుకుని లాభం లేదు, కోర్ టూల్‌తో తేలిగ్గా బిగించాలి, తగ్గకపోతే కోర్ మార్చాలి. గట్టిగా బిగించొద్దు, లోపల చిన్న మరలు, ఊరికే పోతాయి.

రోడ్డెక్కినోడు:
చూశానండి. ముల్లు కిందే ఉంది, చక్‌ని చేత్తో వాల్వు మీదకి గట్టిగా నొక్కితే అప్పుడు టైరులో ఉన్నంత చూపించి మెల్లగా పైకి పోతోంది. అంటే పంపు బాగానే ఉన్నట్టేగా. బుడగలు చక్ మూతి చుట్టూ బాగా వచ్చాయి. ఇంకో విషయం, నొక్కుడు గొట్టం దగ్గర పైపు ఎక్కువ వంగే చోట కూడా సన్నగా వరసగా వస్తున్నాయి. టైరు వాల్వు మూతి మీద ఏమీ రాలేదు.

పాతగ్యారేజ్:
అయితే రెండు జబ్బులు కలిసున్నాయి. ముందు మూతి సంగతి చెప్తా, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే ఏ చక్ అయినా ఎందుకు లీకవుతుందో నీకే తెలిసిపోతుంది.

చక్ లోపల రెండు వస్తువులే ముఖ్యం. ఒకటి రబ్బరు బుష్, రెండోది మధ్యలో ఉండే పిన్ను. వాల్వు మూతి లోపలికి వచ్చేటప్పుడు ముందు రబ్బరు అతుక్కోవాలి, ఆ తర్వాతే పిన్ను వెళ్ళి వాల్వు కోర్‌ని నొక్కి తెరవాలి. ఈ వరస ముఖ్యం. రబ్బరు అరిగి పల్చబడితే వరస తారుమారవుతుంది, రబ్బరు అతుక్కోకముందే పిన్ను వాల్వుని తెరిచేస్తుంది, టైరులో గాలి నీ చేతి మీదకి బుస్సుమని వచ్చేస్తుంది. నువ్వు చేత్తో నొక్కితే తగ్గుతోందంటే అదే, రబ్బరుకీ మూతికీ మధ్య ఉన్న ఆ కాస్త సందు నీ చెయ్యి మూస్తోంది.

లివర్ చక్ అయితే లివర్ ఎత్తినప్పుడు అది బుష్‌ని లోపల నుంచి నొక్కుతుంది, నొక్కేసరికి బుష్ ఉబ్బి వాల్వు మెడని చుట్టూ జలగలా పట్టుకుంటుంది. కాబట్టి బుష్ గట్టిపడిపోయినా ఉబ్బదు, లివర్ కింద నొక్కే ప్లాస్టిక్ గుబ్బ అరిగిపోయినా ఉబ్బదు. రెండూ బయట నుంచి చూస్తే ఒకేలా కనపడతాయి.

కాబట్టి విప్పి చూడు. చాలా లివర్ చక్‌లకి మూతి దగ్గర మూత మరలతో ఉంటుంది, చేత్తో తిరగకపోతే బట్ట చుట్టి ప్లయర్‌తో పట్టు. విప్పేటప్పుడు ఏది ముందు ఏది వెనక వచ్చిందో ఫోటో తీసుకో, కొన్నిటిలో పిన్ను విడిగా ప్లాస్టిక్ ముక్కగా ఉంటుంది, అది తిరగేసి పెడితే సన్న వాల్వు సైకిళ్ళకి పనిచేసే రకం, నీ దాంట్లో అటూఇటూ అయితే కొత్త తలనొప్పి. బుష్ బయటికి తీసి చూడు, రెండు వైపులా ఒకేలా ఉంటే తిరగేసి పెట్టొచ్చు, అరగని వైపు మూతి దగ్గరకొస్తుంది.

కొత్తపంపు:
ఇదంతా అవసరమా అండి, పైపు చక్‌తో కలిపి సెట్టుగా అమ్ముతారుగా, పంపు దగ్గర విప్పి కొత్తది బిగిస్తే అయిపోతుంది. నేనైతే అలాగే చేస్తా.

నట్టుబోల్టు:
పంపు దగ్గర మరలతో విప్పుకునే రకమైతే నువ్వు చెప్పింది మంచి దారే, అందులో తప్పేం లేదు. కానీ చాలా చిన్న మిషన్లలో పైపు పంపు హెడ్ మీద నేరుగా తొడిగి నొక్కేసి ఉంటుంది, డబ్బా మొత్తం విప్పాలి. పైగా ఆ రెండో చివర మర ఏ కొలతో తెలీకుండా సెట్టు తెప్పిస్తే పడొచ్చు, పడకపోవచ్చు. టైరు వైపు కొలత మాత్రం ఎక్కడైనా ఒక్కటే, ష్రేడర్ వాల్వు అంటే కారైనా బైకైనా లావు వాల్వు సైకిలైనా మెడ సుమారు 7.7 మి.మీ. లావు, ఇంచికి 32 మరలు. అందుకే టైరు వైపు ఏ కంపెనీ చక్ అయినా పడుతుంది, గొడవంతా పైపు వైపే.

గేజిపిచ్చి:
చక్ కొనేముందు ఒక్క మాట, దీన్ని ఎవరూ చెప్పరు, ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చక్‌లలో ఓపెన్ రకం, క్లోజ్డ్ రకం అని రెండున్నాయి, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి.

ఓపెన్ అంటే వాల్వుకి తగిలించినా తగిలించకపోయినా గాలి దారి తెరిచే ఉంటుంది, నోట్లో పెట్టుకుని ఊదితే గాలి అవతలికి పోతుంది. క్లోజ్డ్ అంటే లోపల స్ప్రింగు మూత ఉంటుంది, వాల్వుకి నొక్కినప్పుడే తెరుచుకుంటుంది, ఊదితే గాలి పోదు. ట్యాంకు ఉన్న పెద్ద కంప్రెసర్లకి క్లోజ్డ్ కావాలి, లేకపోతే చక్ తీసిన ప్రతిసారీ ట్యాంకులో గాలంతా బయటికే. మన 12 వోల్టుల చిన్న మిషన్లకి ట్యాంకు ఉండదు, వీటికి ఓపెనే పెట్టాలి.

క్లోజ్డ్ పెడితే ఏమవుతుందంటే, చక్ టైరుకి తగిలించకుండా మిషన్ ఆన్ చేశావనుకో, గాలికి పోయే దారి లేదు, పైపులో ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది లేదా ఫిట్టింగ్ నుంచి ఎగిరిపోతుంది. అదీకాక తీసేశాక పైపులో ఒత్తిడి అలాగే నిలబడి ఉంటుంది, మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఆ చిన్న మోటార్ బరువు మీద మొదలవ్వాలి. దయచేసి కొన్న వెంటనే ఊది చూడండి, పని అక్కడే తేలిపోతుంది.

పాతగ్యారేజ్:
చాలా మంచి మాట చెప్పారు. దీనికి తోడు రెండోవైపు కూడా గుర్తుంచుకోవాలి, ఓపెన్ చక్ తీసుకెళ్ళి ట్యాంకు కంప్రెసర్‌కి పెడితే పైపు తగిలించగానే గాలి వదిలేస్తుంది. ట్యాంకు మిషన్ మీద ఏ ఫిట్టింగ్ విప్పేముందైనా ట్యాంకులో, పైపులో ఉన్న గాలి మొత్తం వదిలేసి గేజి సున్నా చూశాకే పానా పెట్టాలి.

రోడ్డెక్కినోడు:
విప్పానండి. మూత తిప్పితే వచ్చేసింది. బుష్ నల్లటిది, మూతి వైపు లోపలి అంచు మెత్తగా లేదు, అద్దంలా గట్టిపడి మెరుస్తోంది, దాని మీద వాల్వు మరలు అచ్చుపోసినట్టు గుండ్రంగా గాట్లు పడ్డాయి, ఒకచోట అంచు తెగి చిన్న పెచ్చు ఊడిపోయింది. గోరుతో నొక్కితే గుంట పడట్లేదు. రెండో వైపు కాస్త బాగానే ఉంది. పిన్ను ఇత్తడిది, నిటారుగానే ఉంది, కొస కొంచెం నున్నగా అయింది అంతే. తిరగేసి పెట్టి చూశా, లీకు చాలా తగ్గింది కానీ లివర్ ఎత్తితే ఇదివరకు టక్కుమని బిగిసేది, ఇప్పుడు వదులుగా పోతోంది. లివర్ అడుగున గుబ్బ చూస్తే ఒక పక్క చదునుగా అరిగి ఉంది.

పాతగ్యారేజ్:
అదే నేను అనుకుంది. గుబ్బ అరిగిందంటే కొత్త బుష్ వేసినా పూర్తిగా నొక్కదు. తాత్కాలికంగా బుష్ వెనకాల పల్చటి వాషర్ ఒకటి వేస్తే బుష్ ముందుకొచ్చి బిగుతు వస్తుంది. కానీ మందం ఎక్కువైతే వాల్వు మూతి లోపలిదాకా పోదు, పిన్ను అందదు, గేజి ముల్లు ఎగిరిపోయే రెండో జబ్బు వస్తుంది. అర మిల్లీమీటరుతో మొదలుపెట్టాలి. దారిలో ఉన్నప్పుడు గండం గట్టెక్కడానికి పనికొచ్చే చిట్కా ఇది, ఎప్పటికీ వాడుకోవడానికి కాదు. చక్ మార్చెయ్.

కొత్తపంపు:
పాత ట్యూబ్ ముక్క గుండ్రంగా కోసి బుష్‌లా వేస్తే పనిచేయదా?

పాతగ్యారేజ్:
మరతో బిగించే చక్ అయితే పనిచేస్తుంది, ఎందుకంటే అందులో చదును వాషర్ మీద వాల్వు మూతి వచ్చి నొక్కుకుంటే చాలు. ట్యూబ్ రబ్బరు పల్చన కాబట్టి రెండు పొరలు వేయాల్సి రావచ్చు, మధ్య బొక్క శుభ్రంగా గుండ్రంగా కోయాలి, అంచు చిరిగితే అక్కడే లీకు. లివర్ చక్‌లో బుష్ మందంగా, ఉబ్బేలా ఉండాలి, ట్యూబ్ ముక్క ఆ పని చేయలేదు.

సవారీ_సైకిల్:
చక్ మారుస్తున్నారు కాబట్టి నా సలహా, లివర్ మానేసి మరతో బిగించే ఇత్తడిది పెట్టండి. లెక్క చూడండి. వాల్వు మూతి 7.7 మి.మీ. అంటే దాని వైశాల్యం సుమారు 46 చదరపు మి.మీ. కారు టైరు 35 పీఎస్‌ఐ దగ్గర చక్‌ని వెనక్కి తోసే బలం కిలో పైచిలుకు, అంతే. అదే సైకిల్ టైరుకి 100 పీఎస్‌ఐ కొడితే మూడు కిలోల పైనే తోస్తుంది. లివర్ పట్టు కేవలం రబ్బరు రాపిడి మీదే ఆధారపడి ఉంటుంది, రబ్బరు పాతబడేకొద్దీ ఆ మూడు కిలోలకి ఊడొచ్చేస్తుంది. మరకి ఆ గొడవ లేదు, లోహం లోహాన్ని పట్టుకుంటుంది, రబ్బరు పని సీలు వేయడం ఒక్కటే. అందుకే అది ఎక్కువ కాలం వస్తుంది కూడా.

లాంగ్‌డ్రైవ్:
నేను ఒప్పుకోను బ్రో. మర చక్ విప్పేటప్పుడు నాలుగైదు చుట్లు తిప్పేలోపు గాలి పోతూ ఉంటుంది, పెట్టినంత పెట్టి విప్పేసరికి తగ్గుతుంది. పైగా మిషన్ బాగా తిరిగాక ఇత్తడి కాలుతుంది, వేళ్ళతో పట్టుకోలేం. నాలుగు టైర్లకి కొట్టాలంటే లివర్ ఎంత సుఖమో.

సవారీ_సైకిల్:
కాలడం నిజమే, కాదనను, చక్ మీద గరుకు రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోవాలి లేదా బట్ట పట్టుకోవాలి. గాలి పోవడం గురించి మాత్రం, కారు టైరులో ఉన్న గాలి అంత పెద్దది, ఆ రెండు సెకన్లలో పోయేది గేజి మీద పెద్దగా కనపడదు. సన్న సైకిల్ ట్యూబులో తేడా తెలుస్తుంది, అక్కడ రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి విప్పితే సరిపోతుంది. కానీ గంటకోసారి ఊడిపడే లివర్ కన్నా ఇది నయం.

నట్టుబోల్టు:
ఇద్దరి మాటా కలిసే దారి ఉంది. మర చక్‌లోనే విప్పే కొద్దీ ముందు పిన్ను వెనక్కి పోయి వాల్వు మూసుకునే రకాలున్నాయి, చక్ లోపల పిన్ను స్ప్రింగు మీద ఉంటుంది లేదా మీట నొక్కితేనే ముందుకొస్తుంది. అవి దొరికితే తీసుకో. దొరక్కపోతే రోజూ నాలుగు టైర్లు కొట్టేవాళ్ళకి లివర్, డిక్కీలో పడేసి అవసరానికి తీసేవాళ్ళకి మర. ఎందుకంటే లివర్ చక్ ఏడాదంతా ఎండలో డిక్కీలో పడుంటే తీసేసరికి రబ్బరు గట్టిపడి ఉంటుంది.

రోడ్డెక్కినోడు:
నాది డిక్కీలో ఉండేదే కాబట్టి మరదే తీసుకుంటా, ఓపెన్ రకం, ఊది చూసి. ఇప్పుడు ఆ నొక్కుడు గొట్టం ఎలా తీయాలి, తీశాక కొత్తది పైపుకి ఎలా ఎక్కించాలి, వివరంగా చెప్పండి అన్నా.

నట్టుబోల్టు:
చెప్తా. ఆ గొట్టాన్ని ఫెర్రూల్ అంటారు, ఫ్యాక్టరీలో మిషన్‌తో నొక్కుతారు, ఇంట్లో మళ్ళీ నొక్కలేం, అందుకే కోసేయాల్సిందే.

నీకు గొట్టం అంచు దగ్గర పైపులో కూడా బుడగలు వస్తున్నాయన్నావు కదా, అంటే ఆ వంగే చోట పైపు లోపల పొర పగిలింది. కాబట్టి పాత చక్ దాచుకునే పని లేకపోతే ఫెర్రూల్‌తో కుస్తీ పట్టొద్దు, దానికి రెండు మూడు సెంటీమీటర్ల ఇవతల పైపునే కోసెయ్. పదునైన బ్లేడుతో నిటారుగా ఒక్క కోతలో కోయాలి, కత్తెరతో నలిపి కోస్తే అంచు వంకరవుతుంది. కోసిన చోట లోపల చూడు, మధ్యలో దారపు అల్లిక ఉంటుంది, అది తెల్లగా శుభ్రంగా ఉండి, పైపుని వంచితే పగుళ్ళు కనపడకపోతే బతికిన పైపే. పగుళ్ళుంటే ఇంకో రెండు సెంటీమీటర్లు కోయి. అలా కోస్తూనే ఉన్నా పగుళ్ళు పోకపోతే పైపు మొత్తం ముసలిదైందని అర్థం, అప్పుడు కొత్తపంపు గారు చెప్పినట్టు పైపు మార్చడమే.

తర్వాత లోపలి బొక్క కొలవాలి. ఇక్కడే ఎక్కువమంది కంటితో చూసి 6 అనుకుని 8 తెచ్చేస్తారు. వెర్నియర్ దవడలతో మెత్తటి పైపుని కొలిస్తే నొక్కుకుపోయి తప్పు చూపిస్తుంది. డ్రిల్ బిట్లు తీసుకుని వెనక కాడ వైపు ఒక్కొక్కటీ దూర్చి చూడు, ఏది సాగకుండా నిండుగా దూరితే అదే నీ కొలత. దానికి సరిపడే గాడుల ఫిట్టింగ్, అదే హోస్ బార్బ్, తీసుకో. బార్బ్ ఉబ్బు దగ్గర పైపు బొక్క కన్నా కాస్త లావుగా ఉండాలి, సులువుగా జారిపోయిందంటే అది తప్పు కొలత.

ఎక్కించేటప్పుడు పైపు చివర వేడి నీళ్ళలో అర నిమిషం ముంచు, మెత్తబడుతుంది. సబ్బు నీళ్ళు రాసి తోస్తే వెళ్ళిపోతుంది. నూనె, గ్రీజు రాయొద్దు, అవి ఆరవు, తర్వాత ఒత్తిడికి పైపు జారుతుంది. బార్బ్ మీద టెఫ్లాన్ టేపు కూడా చుట్టొద్దు, గాడులు నిండిపోయి పట్టు పోతుంది. క్లిప్పు మాత్రం ముందే పైపు మీదకి ఎక్కించుకోవడం మర్చిపోకు.

క్లిప్పు గురించి ఒక ముఖ్యమైన సంగతి. స్క్రూతో బిగించే మామూలు హోస్ క్లిప్పు పెద్ద పైపులకి బ్రహ్మాండం, ఇంత సన్న పైపుకి అది గుండ్రంగా వంగదు, స్క్రూ కింద చిన్న సందు మిగిలి అక్కడే లీకవుతుంది. చెవులున్న క్లిప్పులు దొరుకుతాయి, ఆ చెవిని నిప్పర్‌తో నొక్కితే చుట్టూ సమంగా బిగుస్తుంది, అవే పెట్టు. బార్బ్ గాడుల మీదకి వచ్చేలా పెట్టాలి, పైపు అంచు చివరికంటా కాదు. నొక్కేటప్పుడు తెగేదాకా నొక్కకు, చెవి మూసుకుంటే చాలు.

చివరిగా, ఫిట్టింగ్ పక్కన పైపు మళ్ళీ అదే చోట వంగకుండా ఒక చిన్న స్ప్రింగు తొడుగు వేస్తే పైపు ఆయుష్షు పెరుగుతుంది. పాత దానిది ఉంటే దాన్నే వాడుకో.

మెకానిక్కుకొడుకు:
అన్నా నా మిషన్‌లో పైపు చివర మగ మర ఉంది, చక్ దానికి తిప్పి బిగిస్తారు. పాత చక్ పోయింది, కొత్త చక్ పావు ఇంచి అని రాసి ఉన్నది తెచ్చా, రెండు చుట్లు తిరిగి బిగిసిపోయింది. బలంగా తిప్పితే వెళ్తుందా?

పాతగ్యారేజ్:
ఆపు, బలంగా తిప్పొద్దు, ఇత్తడి మెత్తటిది, మర చెడిపోతుంది. నీ దగ్గర రెండు రకాల మరలు కలిసిపోయి ఉంటాయి. పావు ఇంచి పైపు మరలో బీఎస్‌పీ అని ఒకటి, ఎన్‌పీటీ అని ఒకటి ఉన్నాయి. బీఎస్‌పీకి ఇంచికి 19 మరలు, ఎన్‌పీటీకి 18, మర పల్లు కోణం కూడా ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60. అందుకే మొదటి రెండు చుట్లు స్నేహంగా వెళ్ళి ఆ తర్వాత మొరాయిస్తాయి. టేపు ఎంత చుట్టినా అది నిలబడదు.

ఇంకో తికమక, పావు ఇంచి అని పేరేగానీ మర లావు పావు ఇంచి ఉండదు. ఆ పేరు పాతకాలపు పైపు లోపలి కొలత నుంచి వచ్చింది. వెర్నియర్ పెట్టి బయట లావు చూడు, 13 మి.మీ. పైచిలుకు ఉంటే అది పావు ఇంచి. సుమారు 9.7 ఉంటే అర పావు, అంటే 1/8 బీఎస్‌పీ, 10.2 దగ్గర ఉంటే 1/8 ఎన్‌పీటీ. సరిగ్గా 10 వస్తే మెట్రిక్ ఎమ్10 అయ్యే అవకాశం ఉంది, అది 1/8 బీఎస్‌పీతో అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెడుతుంది. మర గేజి ఉంటే సరే, లేకపోతే మంచిదని తెలిసిన బోల్టునో ఫిట్టింగునో పక్కన పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు, పళ్ళు పళ్ళల్లో సందు లేకుండా కూర్చుంటే అదే మర.

మెకానిక్కుకొడుకు:
కొలిచాను, 13.1 వచ్చింది. పళ్ళు పెట్టి చూస్తే బీఎస్‌పీనే. మారుస్తా. టేపు ఎక్కడ చుట్టాలో ఎక్కడ చుట్టకూడదో కూడా చెప్పు బాబాయ్.

పాతగ్యారేజ్:
సన్నబడుతూ పోయే మర అయితే టేపు, ఎందుకంటే అక్కడ మరే సీలు. నిలువుగా ఒకే లావున్న మర అయితే అడుగున వాషరో ఓ-రింగో (గుండ్రటి సన్న రబ్బరు రింగు) సీలు వేస్తుంది, టేపు పనేమీ లేదు. టైరు వాల్వు మరకి అసలే వద్దు, అక్కడ రబ్బరు ఉంది. చుట్టేటప్పుడు మర మూతి నీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి చుట్టు, అలా అయితే బిగించేటప్పుడు టేపు ఇంకా బిగుస్తుంది, తిరగేసి చుడితే పోగుల్లా ఊడొస్తుంది. మొదటి చుట్టు ఖాళీగా వదిలేయి, లేదంటే ఆ పోగు తెగి లోపలికి పోయి చక్ పిన్ను దగ్గరో టైరు వాల్వులోనో ఇరుక్కుంటుంది. రెండు మూడు పొరలు చాలు.

బ్యాటరీబాబు:
నాది చేతిలో పట్టుకునే ఛార్జింగ్ రకం, పైపు జానెడు, మిషన్‌కి తిప్పి బిగించే చోటే లీకు. అక్కడ ఏం చేయాలి?

నట్టుబోల్టు:
ఆ చివర సాధారణంగా చిన్న ఓ-రింగు ఉంటుంది, బిగించిన ప్రతిసారీ రాపిడికి అరుగుతుంది లేదా విప్పినప్పుడు ఊడి పడిపోతుంది. ఉందో లేదో చూడు. ఉంటే తీసి వంచి చూడు, పగుళ్ళుంటే అదే మందం, అదే గుండ్రం ఉన్నది వెయ్యి. దాని మీద పల్చగా సిలికాన్ గ్రీజు రాస్తే నలగకుండా కూర్చుంటుంది. మిగతా నూనెలు జోలికి పోకండి, రబ్బరు ఏ రకమో తెలియకుండా పెట్రోలియం నూనె రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి, ఈపీడీఎమ్ అనే రకం రబ్బరైతే ముఖ్యంగా. చక్ బుష్‌కి కూడా ఇదే మాట, తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టి మెత్తబరచాలని చూడొద్దు.

గేజిపిచ్చి:
చిన్న లీకే కదా, ఇంకాసేపు తిప్పితే నిండుతుందిలే అని చాలామంది వదిలేస్తారు, నాకు బాధనిపించేది అదే. ఈ చిన్న మిషన్లు ఎక్కువసేపు ఏకధాటిగా తిరగడానికి చేసినవి కావు, చాలావాటి మీద పది పదిహేను నిమిషాలు తిప్పి చల్లారనివ్వమని రాసి ఉంటుంది. చక్ దగ్గర సగం గాలి పోతుంటే అదే టైరుకి రెట్టింపు సేపు తిరగాలి, హెడ్ కాలిపోయి పిస్టన్ రింగు పోతుంది. రబ్బరు ముక్కకి సరిపోయే జబ్బు పంపు దాకా పాకుతుంది.

లాంగ్‌డ్రైవ్:
మర చక్ పెడుతున్న వాళ్ళకి నా తరఫున ఒక హెచ్చరిక. మీ కారులో టైరు ప్రెజర్ సెన్సార్లుండి వాల్వు మెడ అల్యూమినియందైతే, ఇత్తడి ముక్క ఏదీ దాని మీద వదిలేయొద్దు, పొడిగింపు గొట్టమైనా, మూతైనా. తేమ, ఉప్పు తగిలితే రెండు లోహాలకి పడక తెల్లగా పూసి అతుక్కుపోతుంది, విప్పబోతే మెడ విరుగుతుంది, సెన్సారుతో సహా పోతుంది. ఆ వాల్వుల్లో కోర్ కూడా నికెల్ పూతదే వేయాలి, మూత ప్లాస్టిక్‌ది పెట్టాలి. గాలి కొట్టి వెంటనే తీసేసే చక్‌తో ఇబ్బంది లేదు, కానీ వంకరగా బిగిస్తే అల్యూమినియం మర తొందరగా పోతుంది, మొదటి చుట్టు వేళ్ళతో మెల్లగా పట్టించండి.

రోడ్డెక్కినోడు:
అందరికీ చాలా థాంక్స్. పైపు కోశాను, మొదటి కోతలో లోపల చిన్న పగులు కనపడింది, ఇంకాస్త కోస్తే శుభ్రంగా వచ్చింది. 6 మి.మీ. బిట్టు కాడ నిండుగా దూరింది, ఆ బార్బ్ ఉన్న మర చక్ తెచ్చి ఊది చూస్తే గాలి పోయింది, ఓపెనే. వేడి నీళ్ళు, సబ్బు, చెవి క్లిప్పు, అన్నీ మీరు చెప్పినట్టే. ఇప్పుడు సబ్బు నీళ్ళకి ఎక్కడా ఒక్క బుడగ లేదు, టైరు ఇదివరకటి కన్నా చాలా తొందరగా నిండుతోంది. కానీ ఒక అనుమానం, మిషన్ తిరుగుతున్నప్పుడు గేజి 36 చూపిస్తే ఆపగానే 33కి పడిపోతోంది. ఇంకా ఎక్కడో లీకుందా?

గేజిపిచ్చి:
లీకు కాదండి. గేజి మిషన్ దగ్గర ఉంది, టైరు పైపుకి అవతల ఉంది. గాలి పారుతున్నప్పుడు సన్న పైపూ, వాల్వు కోర్ సందూ అడ్డం కాబట్టి ఇవతల ఒత్తిడి ఎక్కువుంటుంది, ఆపగానే రెండువైపులా సమమై టైరులో ఉన్నది చూపిస్తుంది. ఆపాక ముల్లు ఒకచోట నిలబడిపోతే అదే నిజమైన కొలత. అలా నిలబడకుండా మెల్లగా దిగుతూనే ఉంటే అప్పుడు లీకని అనుమానించాలి. మిషన్ మీద గేజిలు అంత నమ్మకమైనవి కావు, విడిగా ఒక మంచి గేజి పెట్టుకుని ఒకసారి పోల్చి చూసుకోండి, తేడా ఎంతో తెలిస్తే ప్రతిసారీ అంత కలుపుకోవడమో తీసేయడమో చేసుకోవచ్చు.

రోడ్డెక్కినోడు:
ముల్లు 33 దగ్గర కదలకుండా నిలబడిందండి. సరే అయితే.

బ్యాటరీబాబు:
నాది కూడా ఓ-రింగే, విరిగి సగమే ఉంది, కొత్తది వేశాక ఆగిపోయింది. లివర్ చక్ ఉన్నవాళ్ళు దాచేటప్పుడు ఏమైనా జాగ్రత్త తీసుకోవాలా?

పాతగ్యారేజ్:
లివర్ పడుకోబెట్టి దాచు, ఎత్తి లాక్ చేసిన స్థితిలో ఎప్పుడూ వదలొద్దు. అలా నెలల తరబడి నొక్కి ఉంచితే బుష్ ఆ ఆకారంలోనే ఉండిపోతుంది, తర్వాత ఉబ్బదు. పైపు చుట్టేటప్పుడు చక్ మెడ దగ్గర మడవకుండా పెద్ద చుట్టగా చుట్టు. మూతిలో ఇసుక రేణువు ఇరుక్కుంటే రబ్బరు కోసుకుపోతుంది కాబట్టి మూతికి చిన్న ప్లాస్టిక్ మూత ఏదైనా తొడుగు, టైరు వాల్వు మూత బయటివైపు సరిపోతే అదైనా సరే. వాడబోయే ముందు ఒక్క సెకను ఉత్తగా ఆన్ చేసి దుమ్ము ఊదేసి అప్పుడు తగిలించు.